మద్రాసు మీద గుండ్లు కురిసిన రాత్రి: ఎమ్డెన్ ఓడ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి ప్రపంచ యుద్ధం అనగానే మనకు ఫ్రాన్స్ కందకాలు, బురద గుర్తొస్తాయి. ఆ యుద్ధం మొదలైన ఏడు వారాలకే ఒక జర్మన్ ఓడ మద్రాసు రేవు ముందుకొచ్చి గుండ్లు పేల్చి వెళ్ళిందంటే చాలామంది నమ్మరు. నమ్మినవాళ్ళు కూడా ఆ కథకు ఇంకో నాలుగు కలిపి చెబుతారు. నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలన్నిటికీ ఒక్కచోట జవాబు రాసిపెడుతున్నాను. అతికించిన కథలు ఎక్కడున్నాయో అక్కడే చెబుతాను. ఇందులో కల్పన అవసరమే లేదు, జరిగినదే సరిపోతుంది.

అసలు ఎమ్డెన్ ఎలాంటి ఓడ?

జర్మన్ నౌకాదళానికి చెందిన తేలికపాటి యుద్ధనౌక. వాయవ్య జర్మనీలోని ఎమ్డెన్ అనే రేవు పట్టణం పేరు దానికి పెట్టారు. 1908లో డాన్‌జిగ్‌లో జలప్రవేశం చేసింది. పొడవు 118 మీటర్లు, పది ఫిరంగులు, మూడు పొగగొట్టాలు. ఫిరంగుల నోటి వెడల్పు 10.5 సెంటీమీటర్లు. పెద్ద యుద్ధనౌకల పక్కన నిలబెడితే దీన్ని ఎవరూ లెక్కచేయరు. అప్పటికే ఆవిరి టర్బైన్లు వచ్చేశాయి, ఇది మాత్రం పాత పద్ధతిలో పిస్టన్లతో నడిచే ఇంజన్ల ఓడ. చైనా తీరంలో జర్మనీ అధీనంలో ఉన్న చింగ్‌తావ్ రేవు దాని మకాం. కెప్టెన్ కార్ల్ ఫాన్ మ్యూలర్ మితభాషి. ఆయన కింద రెండో స్థానంలో ఉన్న హెల్‌మూట్ ఫాన్ మ్యూకె దానికి పూర్తిగా విరుద్ధం. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో ఇద్దరి దారులూ వేరవుతాయి.

చైనాలో ఉన్న ఓడకు బంగాళాఖాతంలో ఏం పని?

బొగ్గు లెక్క దాన్ని ఇక్కడికి తెచ్చింది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలయ్యేసరికి తూర్పు ఆసియాలోని జర్మన్ నౌకాదళానికి అడ్మిరల్ ఫాన్ స్పే అధిపతి. పసిఫిక్‌లోని పగాన్ అనే దీవి దగ్గర అందరూ కలిశారు. ఓడలన్నీ గుంపుగా తిరిగితే అంత బొగ్గు ఎక్కడ దొరుకుతుంది? అందుకని మొత్తం దళాన్ని దక్షిణ అమెరికా వైపు తీసుకెళ్ళాలని స్పే నిర్ణయించాడు. అప్పుడు మ్యూలర్ ఒక ప్రతిపాదన పెట్టాడు: ఒక్క ఓడనైనా హిందూ మహాసముద్రానికి పంపితే, పట్టుకున్న ఓడల బొగ్గుతోనే అది బతకగలదు. స్పే ఒప్పుకున్నాడు. ఆగస్టు 14న ఎమ్డెన్, వెంట మార్కోమానియా అనే బొగ్గు ఓడ, ఆ రెండే బయలుదేరాయి.

దారిలో ఎవరూ గుర్తుపట్టలేదా?

గుర్తుపట్టకుండా వేషం వేశారు. ఆ ప్రాంతంలో తిరిగే యార్మత్ అనే బ్రిటిష్ యుద్ధనౌకకు నాలుగు పొగగొట్టాలు. ఎమ్డెన్‌కు ఉన్నవి మూడే. మ్యూకె సలహా మీద చెక్కతో, కాన్వాసు గుడ్డతో నాలుగో గొట్టం తయారుచేసి నిలబెట్టారు. మన వీధి నాటకాల్లో అట్ట కిరీటం పెట్టుకున్నట్టన్నమాట. అయినా పనిచేసింది. దూరం నుంచి చూసిన సరకు ఓడలు మన బ్రిటిష్ ఓడే కదా అనుకుని దగ్గరికి వచ్చేవి. తీరా దగ్గరికొచ్చాక జర్మన్ జెండా ఎగిరేది.

వేషం కంటే ఎక్కువగా పనికొచ్చింది ఇంకొకటి ఉంది. ఎమ్డెన్ వైర్‌లెస్‌లో నోరు మెదపకుండా చెవులొగ్గి వినేది. బ్రిటిష్ ఓడలు మాట్లాడుకునే మాటల జోరును బట్టి శత్రువు దగ్గరున్నాడో దూరమున్నాడో అంచనా వేసుకునేవారు.

పట్టుబడ్డ ఓడల్లోని మనుషులను ఏం చేసేవారు?

ముందు వాళ్ళను దింపి, ఆ తర్వాతే ఓడను ముంచేవారు. సెప్టెంబరు 10 నుంచి నాలుగైదు రోజుల్లో కలకత్తా దారిలో వరుసగా ఓడలు చిక్కాయి. ఇండస్ అనే ఓడలో పెట్టెలకు పెట్టెలు సబ్బు దొరికింది. అప్పటికి ఎమ్డెన్‌లో సబ్బు నిండుకుంది కాబట్టి నావికుల సంబరం అంతా ఇంతా కాదు. డిప్లొమాట్ అనే ఓడలో వేల టన్నుల తేయాకు ఉంది. అదంతా సముద్రం పాలైంది, లండన్ వర్తకులు లబోదిబోమన్నారు.

కబింగా అనే ఓడ కెప్టెన్ తన భార్యనూ బిడ్డనూ వెంట తెచ్చుకున్నాడు. వాళ్ళను నడిసముద్రంలో పడవల్లోకి దింపడం మ్యూలర్‌కు ఇష్టం లేకపోయింది. ఆ ఓడను ముంచకుండా, అప్పటిదాకా పోగైన బందీలందరినీ అందులో ఎక్కించి వదిలేశాడు. విడుదలైన బందీలు వెళ్తూ వెళ్తూ ఎమ్డెన్‌కు జేజేలు కొట్టారని జర్మన్ అధికారుల రాతల్లో ఉంది. గెలిచినవాళ్ళు రాసుకున్నదే కదా అని కొట్టిపారేయడానికి లేదు, అప్పటి బ్రిటిష్ పత్రికలు కూడా మ్యూలర్ మర్యాదను మెచ్చుకున్నాయి. సరకు ఓడలను పట్టుకునే క్రమంలో ఎమ్డెన్ చేతిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. రేవుల మీద, యుద్ధనౌకల మీద జరిపిన దాడుల సంగతి వేరు. దానికే వస్తున్నాను.

మద్రాసులో ఆ రాత్రి ఏం జరిగింది?

1914 సెప్టెంబరు 22, మంగళవారం. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతం. రేవులో దీపాలు వెలుగుతున్నాయి. లైట్‌హౌస్ కూడా యథాప్రకారం వెలుగుతోంది. అప్పట్లో మద్రాసు లైట్‌హౌస్ అంటే హైకోర్టు భవనం మీది ఎత్తయిన గోపురమే, దీపం ఆ గోపురంలో ఉండేది. బంగాళాఖాతంలో శత్రువు తిరుగుతున్నాడని వారం రోజుల ముందే తెలిసిన నగరం అది. అయినా దీపం ఆర్పలేదు. చీకట్లో తీరం ఎక్కడుందో వెతుక్కోవలసిన ఓడకు హైకోర్టే దారి చూపించింది.

ఎమ్డెన్ తీరానికి మూడు కిలోమీటర్ల దాకా వచ్చి ఆగింది. సెర్చ్‌లైటు వేసి రేవును ఒకసారి తడిమింది. బర్మా ఆయిల్ కంపెనీ కిరసనాయిలు ట్యాంకులు తెల్లగా వెలుగులో నిలబడ్డాయి. మొదటి గుండ్లు ఎత్తుగా పోయాయి, తర్వాతివి తగిలాయి. ఒక్కసారిగా మంట లేచింది. ఆ తర్వాత సెర్చ్‌లైటు అవసరం లేకపోయింది, మంటే వెలుగిచ్చింది. మొత్తం 125కు పైగా గుండ్లు పేల్చారు. లక్షల గ్యాలన్ల నూనె తగలబడింది. రేవులో లంగరు వేసి ఉన్న చుప్రా అనే సరకు ఓడకు గుండ్లు తగిలాయి. కొన్ని గుండ్లు గురితప్పి నగరంలో పడ్డాయి, వాటిలో ఒకటి హైకోర్టు ప్రహరీగోడను కొట్టింది. కనీసం ఐదుగురు చనిపోయారు, ఇంకొందరు గాయపడ్డారు.

తీరంలోని ఫిరంగులు తేరుకుని జవాబిచ్చాయి గానీ ఒక్క గుండు కూడా ఎమ్డెన్‌కు తగల్లేదు. అరగంటలోపే అంతా ముగిసింది. ఓడ దీపాలార్పి చీకట్లో కలిసిపోయింది.

అసలు దెబ్బ తెల్లారాక పడింది. మళ్ళీ వస్తుందన్న పుకారు ఊరంతా పాకింది. మూటాముల్లె సర్దుకుని వేల మంది మద్రాసు వదిలేశారు. రైళ్ళు కిటకిటలాడాయి. గుండ్ల వల్ల పోయిన ఆస్తిని లెక్కకట్టవచ్చు. తెల్లదొర చేతిలో సముద్రం భద్రంగా ఉందనే నమ్మకానికి ఆ రాత్రి పడిన బీటను ఎవరు లెక్కకట్టగలరు?

జనాన్ని చంపడమే ఉద్దేశమా?

కాదు. ట్యాంకులను తగలబెట్టడం, బ్రిటిష్ పరువు తీయడం, వర్తకాన్ని బెదరగొట్టడం తన ఉద్దేశమని మ్యూలర్ తర్వాత చెప్పుకున్నాడు. అయితే రాత్రిపూట నగరం ముందు నిలబడి వందకు పైగా గుండ్లు పేల్చినవాడు, ఒకటీ అరా ఇళ్ళ వైపు పోతాయని ఎరుగనివాడు కాదు. ఆయన మర్యాదస్తుడే, కాదనను. చనిపోయిన ఐదుగురిని ఆ మర్యాద బతికించలేదు.

ఆ ఓడలో మన దేశపు విప్లవకారుడు ఒకరున్నారట కదా?

తిరువనంతపురానికి చెందిన చెంపకరామన్ పిళ్ళై ఎమ్డెన్‌లో ఉండి మద్రాసుకు దారి చూపించాడని చాలామంది చెబుతారు. వినడానికి బాగుంటుంది. ఆయన జర్మనీతో చేతులు కలిపి బ్రిటిష్ పాలనపై పనిచేసిన మాట నిజం. ఆ నెలల్లో ఆయన ఉన్నది మాత్రం యూరప్‌లో. ఆగస్టులో పసిఫిక్ నుంచి బయలుదేరిన ఓడలోకి ఎలా వస్తాడు? పైగా ఎమ్డెన్‌కు దారి చూపడానికి మనిషి అక్కర్లేదు, హైకోర్టు దీపం ఉండనే ఉంది.

తెలుగువారికి దీనితో సంబంధం ఉందా?

ఉండకుండా ఎలా ఉంటుంది? అప్పటికి మద్రాసు మన రాజధాని కూడా. కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. చదువు, కోర్టు, అచ్చాపీసు, వ్యాపారం, దేనికైనా తెలుగువారు చేరే ఊరు అదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో వారపత్రికగా నడిపిన ఆంధ్రపత్రికను మద్రాసుకు తెచ్చి దినపత్రికగా మార్చింది కూడా ఆ 1914 ఏప్రిల్‌లోనే. ఆర్నెల్లు నిండకుండానే ప్రపంచ యుద్ధం ఆ పత్రిక ఉన్న ఊరి గుమ్మంలోకి వచ్చింది.

యుద్ధం సంగతే తెలియని దీవిలో ఎమ్డెన్ ఆగిందంటారు, నిజమేనా?

నిజమే, నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. అక్టోబరు రెండో వారంలో ఎమ్డెన్ డీగో గార్సియా దీవికి చేరింది. అది బ్రిటిష్ దీవి, కొబ్బరి తోటలు తప్ప మరేమీ లేవు. తంతి లేదు, టపా ఓడ వచ్చి నెలలైంది. యుద్ధం మొదలైందన్న కబురే వాళ్ళకు అందలేదు. జర్మన్ ఓడను చూసి తోట అధికారులు ఆప్యాయంగా పలకరించారు. మ్యూలర్ నిజం చెప్పలేదు. ఓడను ఒక పక్కకు వాల్చి అడుగున పట్టిన పాచి, నత్తగుల్లలు గీకించాడు, బొగ్గు నింపుకున్నాడు. చేసిన మర్యాదకు బదులుగా పాడైపోయిన వాళ్ళ మోటారు పడవను తన మెకానిక్కులతో బాగుచేయించి ఇచ్చాడు. శత్రువు పడవను రిపేరు చేసిపెట్టి వెళ్ళిన యుద్ధనౌక ఇంకోటి ఉందేమో, నేనైతే వినలేదు.

పెనాంగ్‌లో ఏమైంది?

అక్టోబరు 28 తెల్లవారుజామున, మళ్ళీ ఆ గుడ్డ గొట్టంతోనే, మలయా తీరంలోని పెనాంగ్ రేవులోకి దూరింది. అక్కడ జెమ్‌చుగ్ అనే రష్యన్ యుద్ధనౌక లంగరు వేసి ఉంది. దాని కెప్టెన్ ఓడ వదిలి ఊళ్ళో గడుపుతున్నాడు. కాపలా అంతంతమాత్రం. ఎమ్డెన్ టార్పెడోలు వదిలి నిమిషాల్లో దాన్ని ముంచేసింది, 80 మందికి పైగా రష్యన్లు చనిపోయారు. బయటికి వస్తూ ఎదురుపడ్డ మూస్కే అనే ఫ్రెంచి డిస్ట్రాయర్‌ను కూడా ముంచింది. నీళ్ళలో పడ్డ ఫ్రెంచివారిని మాత్రం ఆగి మరీ ఎక్కించుకుంది. ఆ రష్యన్ కెప్టెన్ తర్వాత కోర్టు మార్షల్‌లో శిక్ష అనుభవించాడు.

మరి చివరికి ఎలా చిక్కింది?

వినడం మీద బతికిన ఓడ, ఒక వైర్‌లెస్ కబురుతో చిక్కింది. నవంబరు 9 ఉదయం ఎమ్డెన్ కోకోస్ దీవుల్లోని డైరెక్షన్ ఐలండ్‌కు వచ్చింది. ఆస్ట్రేలియాను మిగతా ప్రపంచంతో కలిపే సముద్రగర్భ తంతి తీగల కేంద్రం అక్కడుంది. దాన్ని పాడుచేయడానికి మ్యూకె 50 మందితో పడవల్లో ఒడ్డుకు దిగాడు. తంతి ఉద్యోగులు ఓడను చూడగానే కొత్త ఓడేదో వచ్చిందని వైర్‌లెస్‌లో కేకపెట్టారు.

దీవిలో మాత్రం అంతా సంస్కారంగా సాగింది. వైర్‌లెస్ స్తంభాన్ని పడగొట్టేటప్పుడు అది మా టెన్నిస్ కోర్టు మీద పడకుండా చూడండి అని ఉద్యోగులు అడిగితే, జర్మన్లు సరేనని ఇంకో వైపుకు కూల్చారు.

ఆ కేక విన్నది వంద కిలోమీటర్ల దూరంలోనే వెళ్తున్న ఓడల వరుస. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులను తీసుకెళ్తున్న ఆ ఓడలకు కాపలాగా ఉన్న వాటిలో సిడ్నీ అనే ఆస్ట్రేలియా యుద్ధనౌక ఒకటి. దాని ఫిరంగులు 15.2 సెంటీమీటర్లవి, వేగం కూడా ఎక్కువ. రెండు మూడు గంటల్లో వచ్చేసింది. ఒడ్డున ఉన్నవారిని ఎక్కించుకునే వ్యవధి లేక ఎమ్డెన్ ఎదురువెళ్ళింది. మొదట గురి కుదిరింది ఎమ్డెన్‌కే, సిడ్నీలో దూరం కొలిచే పరికరం ముక్కలైంది. తర్వాత సిడ్నీ దూరంగా జరిగి, ఎమ్డెన్ గుండ్లు గట్టిగా తగలని చోటు నుంచి కొడుతూ పోయింది. ఒక్కో పొగగొట్టం, తెరచాప స్తంభం, చుక్కాని అన్నీ కూలాయి. పదకొండు దాటాక మ్యూలర్ ఓడను నార్త్ కీలింగ్ దీవి పగడపు దిబ్బ మీదికి ఎక్కించేశాడు.

సాయంత్రం సిడ్నీ తిరిగొచ్చేసరికి ఎమ్డెన్ మీద జెండా ఇంకా దించలేదు. లొంగిపోతారా అని సంకేతమిస్తే జవాబు రాలేదు. మళ్ళీ గుండ్లు పేలాక తెల్లగుడ్డ కనిపించింది. 130 మందికి పైగా జర్మన్లు చనిపోయారు. వాళ్ళతో పాటు ఓడలో బట్టలు ఉతికే ముగ్గురు చైనావాళ్ళు కూడా. ఏ దేశపు యుద్ధమో, ఎవరి చావో. సిడ్నీ వైపు నలుగురు పోయారు.

దీవిలో దిగిన ఆ 50 మంది ఏమయ్యారు?

ఇక్కడి నుంచి ఇంకో కథ. ఒడ్డు నుంచి పోరాటం చూస్తున్న మ్యూకెకు తమ ఓడ ఇక రాదని అర్థమైంది. రేవులో అయేషా అనే పాత తెరచాప ఓడ ఉంది, మూడు స్తంభాలది, 97 టన్నులది. అడుగు కుళ్ళిపోయింది, వద్దని దీవివాసులు హెచ్చరించారు. అయినా తిండి, బట్టలు సర్దుకుని చీకటిపడేలోగా బయలుదేరారు. వీడ్కోలు చెప్పిందెవరనుకున్నారు? పొద్దున ఎవరి తంతి తీగలు తెంపారో ఆ ఉద్యోగులే.

ఐదారుగురు నడిపే ఓడలో 50 మంది. తాగునీరు చాలావరకు పాడైపోయింది. వానొస్తే తెరచాప పరిచి నీళ్ళు పట్టుకోవాలి. నవంబరు చివర్లో సుమత్రాలోని పడాంగ్ చేరారు. అది తటస్థంగా ఉన్న డచ్చివాళ్ళ రేవు, ఒక్కరోజు ఉండనిచ్చి పంపేశారు. డిసెంబరులో చోయిజింగ్ అనే జర్మన్ బొగ్గు ఓడ కలిసింది. అందరూ అందులోకి మారి అయేషాను ముంచేశారు. తమను మోసుకొచ్చిన ఆ పుచ్చు ఓడను ముంచేటప్పుడు మ్యూకె బాధపడ్డాడు.

1915 జనవరిలో ఎర్రసముద్రం ఒడ్డున హొడైడా దగ్గరికి వచ్చారు. రాత్రిపూట వరుసగా దీపాలు కనిపిస్తే రేవు వంతెన కాబోలు అనుకున్నారు. అది డెసే అనే ఫ్రెంచి యుద్ధనౌక. చడీచప్పుడు కాకుండా పక్కకు తప్పుకుని పడవల్లో ఒడ్డెక్కారు. యెమెన్ కొండల్లో జ్వరాలు పట్టుకున్నాయి, మళ్ళీ తీరానికి దిగి చెక్క పడవల్లో ఉత్తరానికి సాగారు. ఒక పడవ రాత్రివేళ పగడపు దిబ్బకు తగిలి మునిగింది. జెడ్డా సమీపంలో ఎడారి దారిలో కొన్ని వందల మంది బెదూయిన్లు, అంటే ఎడారిలో తిరిగే అరబ్బు తెగలవాళ్ళు, చుట్టుముట్టారు. ఒంటె జీన్లు, బియ్యం బస్తాలు, ఇసుక సంచులు పేర్చి మూడు రోజులు కాచుకున్నారు. మక్కా అమీరు మనుషులు వచ్చాక గానీ ముట్టడి తొలగలేదు.

మే నెలలో అల్ ఉలా దగ్గర హిజాజ్ రైలు ఎక్కారు. అక్కడ ఎదురొచ్చిన విలేఖరి ముందు స్నానమా, వైనా అని అడిగితే మ్యూకె వైనే అన్నాడట. మే 23న ఇస్తాంబుల్ చేరి, జర్మన్ అడ్మిరల్ ముందు తన దళాన్ని వరుసలో నిలబెట్టి, హాజరు అప్పగించాడు. కోకోస్ నుంచి ఆరున్నర నెలలు పట్టింది. కొందరు దారిలోనే పోయారు, ఎక్కువమంది ఇల్లు చేరారు.

మ్యూలర్, మ్యూకె తర్వాత ఏం చేశారు?

మ్యూలర్‌ను మాల్టాలో బందీగా ఉంచి, తర్వాత ఇంగ్లండుకు తరలించారు. 1917లో అక్కడి శిబిరం నుంచి సొరంగం తవ్వి మరికొందరితో పారిపోయి మళ్ళీ చిక్కాడు. మలేరియా పీడించిన మనిషి, 1923లో పోయాడు. తన ఓడ మీద పుస్తకం రాయలేదు. మ్యూకె రాశాడు, పేరు గడించాడు. తర్వాత యుద్ధమే వద్దని మాట్లాడటం మొదలుపెట్టి నాజీల జైల్లో పడ్డాడు.

సింగపూరులో బందీగా ఉన్న ఎమ్డెన్ అధికారి లౌటర్‌బాక్‌ది ఇంకో దారి. 1915 ఫిబ్రవరిలో అక్కడి భారతీయ సిపాయిలు తిరగబడి శిబిరం తలుపులు తెరిస్తే, సందు చూసుకుని పారిపోయాడు.

ఎమ్డెన్ అనే మాట భాషల్లో కూడా ఉందంటారు?

తమిళంలో ఉంది. ఎవరికీ చిక్కని గట్టి పిండాన్ని ‘ఎమ్డన్’ అంటారు. మలయాళంలో ‘యెమండన్’ అంటే చాలా పెద్దది. సింహళంలోనూ చేరింది. మద్రాసు అంత దగ్గరున్న మన భాషలోకి ఎందుకు పాకలేదో నాకు ఇప్పటికీ వింతే.

ఇప్పుడు చూడాలంటే ఎక్కడ, ఏముంది?

నార్త్ కీలింగ్‌లోని శిథిలాన్ని 1950ల్లో జపాన్ కంపెనీ ఒకటి ముక్కలు చేసి పట్టుకుపోయింది. ఒక ఫిరంగి సిడ్నీ నగరంలో హైడ్ పార్కు మూలన ఉంది. బతికిన నావికులకు ఇంటిపేరు చివర ‘ఎమ్డెన్’ చేర్చుకునే హక్కును జర్మనీ ఇచ్చింది, ఆ ఇంటిపేర్లు ఇంకా ఉన్నాయి.

చెన్నైలో అయితే హైకోర్టు తూర్పు ప్రహరీ దగ్గరికి వెళ్ళండి. గుండు తగిలిన చోట చిన్న ఫలకం ఉంటుంది, తేదీతో సహా. అక్కడి నుంచి తలెత్తి చూస్తే, ఆ రాత్రి దీపం వెలిగిన గోపురం కూడా కనిపిస్తుంది.